ఎన్ని పూతలు

సావో పావులో నగరపాలిక నాకిచ్చింది
ఒక టోపీ, ఒక రోలరు,
నెలకి డెబ్భై డబ్బాల బూడిదరంగు.
పదకొండేళ్ళుగా తెల్లారకముందే
ఎవరాల్దో లారీ వెనక నిలబడి పోయి
రాత్రి రాసిందాన్ని పొద్దున చెరిపేస్తున్నాను.

ఐదో క్లాసుతో ఆగింది నా చదువు.
అయినా ఈ ఊరి గోడల్ని
నా అంత శ్రద్ధగా చదివినవాడు లేడు.
చెరిపేవాడు అక్షరం అక్షరం తడమాలి కదా.

మార్కరుతో గీకిన పొట్టి సంతకం
తుమ్ము లాంటిది.
ఆపుకోలేక వచ్చేసింది, అంతే.
ఒక పూత.

ఉబ్బిన బుగ్గల్లాంటి అక్షరాలు కొన్ని,
లోపల వెండిరంగు, చుట్టూ నల్లంచు,
పోలీసు బండి మలుపు తిరిగేలోపు ముగించినవి.
వెండి మొండిది. ఎంత పూసినా పైకి తేలుతుంది.
రెండు పూతలు, మధ్యలో ఒక కాఫీ.

కాంబుసీలో ఒక గోడ ఉండేది.
అక్షరంలో అక్షరం జడలా పెనవేసుకుని,
బాణాలై బయటికి పొడుచుకొచ్చి,
ఎక్కడ మొదలో ఎక్కడ తుదో!
నోరు తెరుచుకుని చూస్తుంటే
ఎవరాల్దో హారన్ కొట్టాడు.
"ఏం రాశాడు?"
"తెలీదు. కానీ తప్పుల్లేవు."
మూడు పూతలు.
మూడోది కాస్త పల్చగానే వేశాను.

కాగితాలంటించేవాళ్ళది వేరే కులాసా.
ఇంట్లో తీరిగ్గా గీసుకుని, మైదా ఉడికించి తెస్తారు.
వేణ్ణీళ్ళు కొట్టి గీకుతుంటే
మనిషి ముఖం పేలికలుగా చేతికొస్తుంది.
ఒకసారి ఒక కన్ను
సాయంత్రం దాకా నా బూటుకే అంటుకుని తిరిగింది.

అట్ట కత్తిరించి స్ప్రే కొట్టేవాళ్ళెవరో,
ఒకటే బొమ్మ: బకెట్టు మోసే ముసలామె.
పదిహేడు చోట్ల చెరిపాను.
పదిహేడుసార్లూ ఆమె బకెట్టు కింద పెట్టలేదు.

పెద్ద వీధి మీద పన్నెండంతస్తుల చిలకుంది.
దాని జోలికి పోవద్దని పైనుంచి ఉత్తర్వు.
ఖర్చు పెట్టింది రంగుల కంపెనీ.
నా డబ్బాల మీదా అదే పేరు.

ఇక పిషాసావ్.
దానికి రంగుల్లేవు, వంపుల్లేవు, మొహమాటం లేదు.
నల్లగా, నిలువుగా, ఎముకల్లాంటి అక్షరాలు.
ఒకడి భుజాల మీద ఒకడు,
ఒక కిటికీ గట్టు నుంచి ఇంకో కిటికీ గట్టుకి,
తాడు లేకుండా.
అంతెత్తుకి నా నిచ్చెన అందదు.
అందనివాటి ఎదుట "పెండింగ్" అని రాస్తాం.

వాటిలో ఒకటి తొమ్మిదో అంతస్తు మీద.
నాలుగు అక్షరాల్లో మూడే ఉన్నాయి.
నాలుగోది నిలువుగా బయల్దేరి
సగంలో పక్కకి జారింది.

ఆ గోడ కింద, బస్టాపులో
కాఫీ, మొక్కజొన్న కేకు అమ్మే జులెయిజి
నా టోపీ చూసింది.
ఇవ్వబోయిన చిల్లర గుప్పిట్లోనే ఆగిపోయింది.
"ఆ పైది మీ లిస్టులో ఉందా?"
"నిచ్చెన అందదమ్మా."
"క్రేను వస్తోందటగా."
నేను కేకు నమిలాను.

మంగళవారం వచ్చింది క్రేను.
దగ్గరికెళ్ళాక గానీ తెలీలేదు,
ఒక్కో అక్షరం నాకంటే పొడుగు.
రంగులో ఇరుక్కున్న రోలరు నూగు,
జారిన గీత పక్కన నాలుగు వేళ్ళు.
బొటనవేలు లేదు.
నా చెయ్యి ఆనించి చూడలేదు.
చూశానని ఎవరాల్దో చెప్పుకుంటాడు.

కిందనుంచి సూపర్‌వైజరు అరిచాడు, "ఎన్ని పూతలు?"
"మూడు!"
ఫారంలో మూడనే ఉంది.
ఆ డబ్బాలో నీళ్ళెక్కువ పడ్డాయేమో నాకు తెలీదు.

ఎండ కాసినన్నాళ్ళూ గోడ బుద్ధిగానే ఉంటుంది.
ఈ ఊరి సన్నజల్లు మొదలైందా,
తడిసిన బూడిద లోంచి
మూడు అక్షరాలు, ఒక సగం
చలికి రోమాలు లేచినట్టు లేస్తాయి.

ఆ పూట జులెయిజి
బండి మీది గొడుగు కాస్త వెనక్కి వంచుకుంటుంది.
కేకులు తడుస్తాయి. కొనేవాళ్ళు గొణుగుతారు.

నా చిల్లర మాత్రం
ఇంతవరకూ ఇవ్వలేదు.